ఎవరి తాలూకు?

ఫిబ్రవరి 7

మావయ్యా,

నువ్వు వెళ్ళేముందు పెట్టిన షరతు గుర్తుంది. ఫోన్లో నా "ఊఁ"లు వినే ఓపిక నీకు లేదని, చెప్పదలుచుకున్నది ఉత్తరం రాయమని అన్నావు. రాస్తున్నాను. నేను బాగున్నాను. అమ్మ బాగుంది. వీధిలో అందరూ నువ్వెప్పుడొస్తావని అడుగుతున్నారు, ముఖ్యంగా లిఫ్టులున్న వాళ్ళు.

ఒక సంగతి. అమ్మ నాతో మాట మాత్రం అనకుండా నన్నొక క్లాసులో చేర్చేసింది. ఊళ్ళో వ్యాపారులంతా కలిసి ప్రతి శనివారం మధ్యాహ్నం మా ఈడు వాళ్ళకి పాఠాలు చెబుతున్నారు. లెక్కలూ సైన్సూ కాదు. కొత్తవాళ్ళతో ఎలా మాట్లాడాలి, పని కావాలని ఎలా అడగాలి, అయిన పరిచయాన్ని ఎలా నిలుపుకోవాలి, ఇవీ పాఠాలు. దీన్ని నెట్‌వర్కింగ్ అంటారట. నాకు నోట్లో నాలుక లేదని అమ్మ బెంగ. నువ్వు కూడా ఊళ్ళో లేకపోయేసరికి మన ఇంట్లో గోడ గడియారం తప్ప ఎవరూ మాట్లాడటం లేదంటుంది.

క్లాసు ఫర్నిచరు కొట్టు మీది గదిలో. అమ్ముడుపోని కుర్చీలన్నీ మాకే వేశారు కాబట్టి ఏ రెండూ ఒక ఎత్తులో లేవు. పాఠం చెప్పేది కళ్ళజోళ్ళ షాపావిడ. మొదటి రోజే అందర్నీ లేచి పరిచయం చేసుకోమంది. ఒకడు ఫలానా బట్టల కొట్టాయన కొడుకునన్నాడు. ఒకమ్మాయి ఫలానా డాక్టరుగారి మనవరాలినంది. అందరూ అదే వరస. నా వంతు వచ్చింది. నేను లేచాను, కూర్చున్నాను. మధ్యలో ఏమీ జరగలేదు.

నీ
ముక్తసరి


ఫిబ్రవరి 14

ముక్తసరమ్మగారికి,

"లేచాను, కూర్చున్నాను, మధ్యలో ఏమీ జరగలేదు" అని రాశావే, అది చదివి పగలబడి నవ్వాను. కింద పనిచేస్తున్న మా జట్టువాళ్ళు పైనుంచి ఏదో తెగిపడిందనుకుని బయటికి పరిగెత్తుకొచ్చారు. ఖర్చు చేస్తే ఎక్కడ అయిపోతాయోనని మాటలు దాచుకునే పిల్లకి ముక్తసరి అని కాక ఇంకేం పేరు పెట్టను? ఉత్తరంలో మాత్రం బాగానే వాగుతావు. అది మేనమామ పోలిక.

నేనున్నది ఇంకా కడుతున్న ఆసుపత్రి. పై అంతస్తులకి గోడలు లేవు, కింది అంతస్తుకి వెలుతురు లేదు. మేం బిగించేవి రోగిని మంచంతో సహా తీసుకెళ్ళే లిఫ్టులు. పడుకున్న మనిషికి తాను కదులుతున్నట్టే తెలియకూడదని మా పెద్దాయన పట్టుదల. అందుకని ఇక్కడ పని నత్తనడకే. పనిలో పడితే భోజనం సంగతి మర్చిపోతున్నాను. ఈ ముక్క మీ అమ్మకి చదివి వినిపించకు.

ఇక నీ నెట్‌వర్కింగ్. ఇక్కడ ఇంజనీరుని అడిగితే, దాన్ని మన మాటల్లో పలుకుబడి అంటారన్నాడు. ఆ మాత్రం దానికి శనివారాలు పాడుచేసుకోవడం ఎందుకే? నీ మేనమామకి లేదా పలుకుబడి? మా పెద్దాయన, అదే మా లిఫ్టు కంపెనీ యజమాని, ఆ వ్యాపారుల్లో ఒకడు. నేను పనిలో చేరిన దగ్గర్నుంచీ ఆయన నా మాట తీసెయ్యలేదు. "మా మేనకోడలండీ" అని నేను ఒక్క ముక్క అంటే ఏ బ్యాంకులోనో ఏ చల్లటి ఆఫీసులోనో నీకు కుర్చీ వేయిస్తాడు. చెప్పమంటావా?

పలుకుబడి గల
నీ మావయ్య


ఫిబ్రవరి 22

మావయ్యా,

చెప్పొద్దు. పెద్దాయనకే కాదు, ఆ వ్యాపారుల్లో ఎవరికీ నేను నీ మేనకోడలినని తెలియనివ్వకు. ఆయన నన్ను చూసింది చిన్నప్పుడెప్పుడో, ఇప్పుడు గుర్తుపట్టరు. ఎందుకని మాత్రం అడక్కు. తర్వాత నేనే చెబుతాను.

మా క్లాసులో ఇప్పుడు "తాలూకు" అన్న మాట నిషేధం. ఎవరి తాలూకో చెప్పుకుంటే కూర్చోబెట్టి మర్యాద చేస్తారే గానీ పని చేతికివ్వరంటుంది కళ్ళజోళ్ళావిడ. ఎవరైనా పొరపాటున "మా నాన్నగారు" అని మొదలుపెడితే బల్లమీద గంట కొడుతుంది. రోజంతా జనం కళ్ళు చూడటమే ఆవిడ పని కదా, మేం ఎవరి కళ్ళలోకీ చూడటం లేదని ఇట్టే పట్టేసింది. భయమైతే రెండు కనుబొమ్మల మధ్య చూడమని నాకు ఉపాయం చెప్పింది. నేను లారీల కంపెనీ ఆయన నుదురు అంత దీక్షగా చూసేసరికి ఆయన జేబురుమాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నాడు.

అన్నిటికంటే కష్టమైనది లిఫ్టు మాట. నువ్వు నవ్వకు, దాని పేరే అది. ఏ పెద్దమనిషో మనతోపాటు లిఫ్టెక్కాడనుకో. ఆయన దిగేలోపు మనమెవరో, మనకేం కావాలో చెప్పెయ్యాలి. ఆఖరి రోజు కొందరు వ్యాపారులు వస్తారు. ఒక్కొక్కరు ఒక్కొక్కరిని సెలవుల్లో తమ దగ్గర పని నేర్చుకోవడానికి ఎంచుకుంటారు. నాకు ఒకచోట చేరాలని ఉంది. చాలా ఉంది. అందుకే తిండీ నిద్రా మాని ఆ లిఫ్టు మాట తయారుచేస్తున్నాను.

ఒకటి అడుగుతాను. మన బిల్డింగు లిఫ్టు ఈమధ్య మన అంతస్తుకి కాస్త కిందే ఆగిపోతోంది. ఎక్కేటప్పుడు కాలు కిందికి దించి అడుగెయ్యాల్సి వస్తోంది. ఎందుకలా? వివరంగా రాయి.

ముక్తసరి


మార్చి 1

ముక్తసరికి,

లిఫ్టులో ఉపన్యాసమా? నేను చూసినంతలో లిఫ్టెక్కిన మనిషి తలుపు మీది అంకెలు చూస్తాడు, చెప్పులు చూస్తాడు, పక్కవాడి మొహం మాత్రం చూడడు. నువ్వు గొంతు సవరించుకునేలోపు తలుపు తెరుచుకుంటుంది. నీలాంటి వాళ్ళకి రెండంతస్తుల మధ్య ఆగిపోయే లిఫ్టు కావాలి. అలాంటివి మేం బాగుచేస్తామే గానీ తయారుచెయ్యం.

మన లిఫ్టు సంగతి. అది అలిగింది. మా జట్టువాళ్ళు లెవెలు తప్పిందంటారు, కంపెనీ పుస్తకంలో ఇంకా పెద్ద పేరుంది. అలిగిందనేవాణ్ణి ఈ పనిలో నేనొక్కణ్ణే. మా పెద్దాయన ఆ మాట పట్టుకుని నన్ను ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. అయినా అలకే అది. పిలిస్తే వస్తుంది, గడప దాకా వచ్చి గడప ఎక్కదు. బ్రేకు అరిగి ఉండొచ్చు, తాడు సాగి ఉండొచ్చు. ఏదైనా సరే, అలిగిన లిఫ్టు దగ్గర ముందు చెయ్యాల్సింది ఎవరినీ ఎక్కనివ్వకపోవడం. ఎందుకలిగిందో అడిగి తెలుసుకోవడం ఆ తర్వాత. వాచ్‌మన్‌తో చెప్పి మెట్లు వాడండి. కంపెనీకి నేను ఫోను చేస్తాను.

నీ మేనమామనని ఎవరికీ చెప్పొద్దన్నావు. చెప్పనులే. నా చేతుల జిడ్డు ఏ సబ్బుకీ పోదు, చల్లటి ఆఫీసులో కూర్చోబోయే పిల్లకి అది అంటడం ఎందుకు? నీకు నడక నేర్పింది నేను. నీ నోట మొదట వచ్చిన మాట "మావ". మీ అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు, "అమ్మ" అనబోయి తడబడ్డావంటుంది. అవన్నీ పాత ముచ్చట్లు. వదిలెయ్.

మావయ్య


మార్చి 9

మావయ్యా,

కంపెనీ మనిషి వచ్చి బ్రేకు మార్చాడు. లిఫ్టు అలక తీరింది. ఇప్పుడు గడప దగ్గర బుద్ధిగా ఆగుతోంది.

నువ్వు జిడ్డు చేతుల గురించి రాసింది చదివి నేనూ అమ్మా ఒకటే నవ్వు. నువ్వు సబ్బు కంపెనీ వాళ్ళకి ఉత్తరం రాస్తే బాగుంటుందంది అమ్మ.

లిఫ్టు మాట మన లిఫ్టులోనే సాధన చేస్తున్నాను. ఎవరెక్కితే వాళ్ళకి చెప్పేస్తున్నాను. నిన్న పై అంతస్తు లాయరుగారు దొరికారు. పాపం ఆయన దిగాల్సిన చోట దిగకుండా విన్నారు, తర్వాత మెట్లు దిగి వెళ్ళారు. నేను ముక్తసరినంటే ఈ బిల్డింగులో ఇప్పుడు ఎవరూ నమ్మరు. నన్ను చూసి మెట్లెక్కేవాళ్ళు కూడా తయారయ్యారు.

క్లాసులో మాత్రం ఇంకా పాత ముక్తసరినే. నేల మీద చాక్‌పీసుతో లిఫ్టంత గడి గీశారు. ఒకరు వ్యాపారిలా అందులో నిలబడతారు. మనం ఆ గడిలోకి అడుగుపెట్టి మాట్లాడాలి. కళ్ళజోళ్ళావిడ గంట కొడితే తలుపు తెరుచుకున్నట్టు. నేను అడుగుపెడతాను, రెండు మాటలు వస్తాయి, మిగతావి ఎక్కడికో పోతాయి. ఈ శనివారమే ఆఖరి రోజు. నాకు ఆ చోటు దొరక్కపోతే ఇంకెవరికో వెళ్ళిపోతుంది.

ఈసారి నీ ఉత్తరం చివర నవ్వు తగ్గింది. పని ఎక్కువైందా? వేళకి తిను. అమ్మకి ఆ ముక్క చదివి వినిపించాను, క్షమించు.

ముక్తసరి


మార్చి 17

చిరంజీవికి,

క్షేమం. పని ఎక్కువగా ఉంది.

నిన్న మా పెద్దాయన ఫోను చేశాడు. శనివారం మీ సభకి వెళ్ళాడట. ఒకమ్మాయిని ఎవరి తాలూకమ్మా అని అడిగితే ఎవరి తాలూకూ కాదండీ అందట. మెచ్చుకుని పేరు చెప్పాడు, నీదే. ఆ అమ్మాయిని సెలవుల్లో నా చేతికింద పనికి పెట్టమంటావా అని అడిగాడు. నేనింకా జవాబు చెప్పలేదు.

ఎవరి తాలూకూ కానిదాన్ని గురించి నేనేం చెబుతాను.

అక్కకి చెప్పు, వేళకే తింటున్నానని.

మావయ్య


మార్చి 20

మావయ్యా,

నీ ఉత్తరం ఇంత చిన్నదిగా ఎప్పుడూ రాలేదు. చిరంజీవికి అని రాశావు. మూడుసార్లు చదివి అమ్మకిచ్చాను. అమ్మ చదివి, "వాడు అలిగాడే" అంది. అలిగితే ఎందుకో అడిగి తెలుసుకోవాలని నువ్వే రాశావు. నాకు అడగకుండానే తెలిసింది. జరిగింది మొత్తం చెబుతాను, చివరిదాకా చదువు.

నాకు కావలసిన చోటు బ్యాంకు కాదు. చల్లటి ఆఫీసు కాదు. మీ కంపెనీ. నాకు లిఫ్టు పని నేర్చుకోవాలని ఉంది. చిన్నప్పుడు నువ్వు నన్ను భుజం మీద ఎక్కించుకుని, తలుపు సందులోంచి తాళ్ళు కదలడం చూపించేవాడివి, అప్పటినుంచీ ఉంది. ఎవరితోనూ అనలేదు, అదే నా జబ్బు కదా. మొదటి ఉత్తరంలోనే నీకు రాద్దామనుకున్నాను. ఈలోపు నువ్వు పెద్దాయనతో చెప్పమంటావా అన్నావు. నువ్వు చెబితే ఆయన కాదనరు. నేను నోరు విప్పక్కర్లేకుండానే నన్ను తీసుకుంటారు. అప్పుడు నేను ఆ పనికి పనికొస్తానో లేదో నాకెప్పటికీ తెలియదు. జట్టులో అందరూ మేస్త్రీగారి పిల్ల అని నన్ను స్క్రూడ్రైవరు కూడా పట్టనివ్వరు. అందుకే నీ మాట ఎత్తొద్దన్నాను. నీ చేతుల జిడ్డు చూసి సిగ్గుపడి కాదు. నువ్వు నవ్వించడానికి రాశావనుకుని నవ్వాం. నాకు ఆ జిడ్డే కావాలి మావయ్యా.

శనివారం గడిలోకి వచ్చి నిలబడింది మీ పెద్దాయనే. నేను అడుగుపెట్టగానే మొదటి ప్రశ్నే "ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నారు. కళ్ళజోళ్ళావిడ చెయ్యి గంట మీద ఉంది. నీ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. అనేస్తే ఆ చోటు నాదే. "ఎవరి తాలూకూ కాదండీ" అన్నాను. అనేశాక ఆ మాట నా చెవిన పడింది. ఎంత పెద్ద అబద్ధం చెప్పానో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ బట్టీపట్టిన లిఫ్టు మాట ఒక్క ముక్క మిగల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇక ఏం చెప్పాలో తోచక, మా బిల్డింగు లిఫ్టు అలిగిందండీ అని మొదలుపెట్టాను. ఆయన కనుబొమ్మలు పైకి లేచాయి, వాటి మధ్యే కదా నేను చూస్తున్నది. అలిగితే ఏం చేస్తావన్నారు. ముందు ఎవరినీ ఎక్కనివ్వనన్నాను. ఆ తర్వాత ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు. గంట మోగింది. అయినా ఆయన గడిలోంచి కదల్లేదు, ఇంకేవేవో అడిగారు. చీకట్లో ఉండగలవా అన్నారు, ఎత్తులంటే భయమా అన్నారు, తెలియని చోట ఏం చేస్తావన్నారు. తెలియదని చెబుతానన్నాను. మా మేస్త్రీని అడిగి చెబుతానమ్మా అని వెళ్ళిపోయారు. ఆ మేస్త్రీ నువ్వేనని నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలియదు.

కాబట్టి ఇప్పుడు నీ చేతిలో పడ్డాను, వద్దనుకున్నదే అయింది. ఒక్కటే అడుగుతాను. నేను నీ మేనకోడలినని మర్చిపోయి జవాబు చెప్పు. పనికిరాననిపిస్తే వద్దనే చెప్పు, నేను ఏడవను. కాస్త ఏడుస్తానేమో. కానీ ఆ మాట మాత్రం మనసులో పెట్టుకోకు. నేను నీ తాలూకే. అమ్మ ఒప్పుకోకపోయినా నేను మొదట అన్నది "మావ" అనే.

నీ
ముక్తసరి


మార్చి 26

నా ముక్తసరికి,

నీ ఉత్తరం లిఫ్టు తిరిగే షాఫ్టు అడుగున టార్చిలైటు పెట్టుకుని చదివాను. పైన మనుషులు పిలుస్తున్నా చివరిదాకా చదివాకే పైకెక్కాను. నేను వట్టి తొందరపాటు మనిషిని, నీ ముందు ఒప్పుకుంటున్నాను. మీ అమ్మ ముందు ఒప్పుకోను, ఆవిడ పదేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంది.

పెద్దాయనకి ఫోను చేశాను. నువ్వన్నట్టే, నా మేనకోడలివని మర్చిపోయి చెప్పాను. "ఆ అమ్మాయి ఎవరి తాలూకో నాకు తెలియదండీ. కానీ అలిగిన లిఫ్టు దగ్గర ముందు ఎవరినీ ఎక్కనివ్వనంది చూడండి, తెలియనిది తెలియదని చెబుతానంది చూడండి, ఆ పిల్ల నా జట్టులో పనికొస్తుంది. పంపండి" అన్నాను.

అవతల నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగదే! "ఎవరి తాలూకో తెలియదూ? ఈ పనిలో లిఫ్టు అలిగిందనేవాడు ఎంతమంది ఉన్నారయ్యా?" అన్నాడు. అందుకే గంట మోగినా వదల్లేదట. నా పిల్లవని తెలిశాక ఇంకా గట్టిగా అడిగాడట, పనికిరావనిపిస్తే నాతో అనకుండానే నిన్ను పంపించేసేవాడట. ఆ సంగతి దాచి ఫోన్లో నన్ను ఏడిపించాడు, నేను మూతి ముడుచుకున్నది గొంతులోనే తెలిసిపోయిందట. నువ్వు నోరు విప్పి ఎవరి తాలూకూ కాదన్నావు, ఆ తర్వాత నీ నోట వచ్చిన మాటే నువ్వెవరివో చెప్పేసింది. నేనూ అంతే, తెలియదని బొంకి దొరికిపోయాను. మనిద్దరికీ ఆ విద్య రాదు.

పరీక్షలయ్యాక సోమవారం పొద్దుటి బస్సుకి రా. పొడుగు చేతుల చొక్కాలు తెచ్చుకో, జుట్టు గట్టిగా కట్టుకో. పని దగ్గర నేను మావయ్యని కాను, అందరిలాగే మేస్త్రీగారూ అని పిలవాలి, మీరు అనాలి. స్క్రూడ్రైవరు మొదటి రోజే ఇవ్వను. మొదటి వారం తుడవడమే. అందరికీ అలాగే ఇస్తాను, నీ కోసం మార్చను.

ఇంకొకటి. ఇక్కడ గేటు దగ్గర కాపలాదారు ముసలాయన ఒకడు ఉన్నాడు. లోపలికొచ్చే ప్రతి మనిషినీ ఎవరి తాలూకు అని అడుగుతాడు. ఏ మేస్త్రీ జట్టు అని దానర్థం. ఇంజనీరుకైనా మినహాయింపు లేదు, చెప్పకపోతే గేటు తియ్యడు. ఆ కళ్ళజోళ్ళావిడ పెట్టిన నిషేధం ఇక్కడ చెల్లదు. అక్కడ మాత్రం నువ్వు చెప్పక తప్పదు.

మావయ్య


మార్చి 30

మావయ్యా,

గేటు దగ్గర చెప్పాల్సిన మాట అద్దం ముందు సాధన చేస్తున్నాను. ఒక్క మాటే. ఎక్కడా తడబడటం లేదు.

ముక్తసరి